వ్యాధినిదానమునకు నిదానము వలయును

(వార్షిక మహాసభ రెండవదినమున చేసిన ప్రసంగపాఠము)



విద్యార్థివసతిగృహమును గూర్చియు, విద్యార్థివేతననిధిని గూర్చియు పెద్దలు విపులముగా పలికియున్నారు. పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా సంస్కృతాంధ్రములు బోధించి, నేడు విశ్రాంతి గొనుచున్న మమ్ము ఆహ్వానసంఘమువారు ఏదేనొక సాహిత్యవిషయమును గూర్చి నాలుగుమాటలు చెప్పుడని కోరిరి. వారి యనుజ్ఞ గొని మేము విషయమును మార్చుకొంటిమి. నేటి మా ప్రసంగము కావ్యమును గూర్చి కాదు. దేహమునందలి నొప్పిని గూర్చి. అందును, పలువురు వినియు నమ్మని యొక నొప్పిని గూర్చి.

మేము వైద్యులము కాము. చికిత్స చెప్పుటకు మాకధికారము లేదు. వైద్యునియొద్దకు పోవువారును, వారిని తోడుకొని పోవు బంధువులును ముందుగా నెఱుగవలసిన విషయములను మాత్రమే మనవి చేయుదుము. మఱియు మన సంఘ వైద్యసహాయనిధి యుపసంఘమున సభ్యులమై మేము చేసిన రెండు తప్పులను ఈ సభాముఖమున ఒప్పుకొనవలసియున్నది. అందులకును ఈ యవకాశమును వినియోగించుకొనుచున్నాము.

నిదానమను మాటతో ఆరంభింతము. సంస్కృతమున నిదానమనగా మూలకారణము. వైద్యశాస్త్రమున రోగనిర్ణయమునకు పేరు. మాధవకరుడు రచించిన రోగవినిశ్చయమను గ్రంథము లోకమున మాధవనిదానమనియే ప్రసిద్ధికెక్కినది. తెనుగున మాత్రము నిదానమనగా తొందరపాటు లేకుండుట. నిదానముగా నడువుమనియు, నిదానముగా మాటలాడుమనియు మన పెద్దలు పిల్లలకు చెప్పుదురు. ఈ రెండర్థములును ఒక్కమాటయం దెట్లు చేరెనో నిఘంటుకారులు విచారింతురు గాక. రెండింటికిని గల సంబంధము మా యింటిలో మాకు తెలియుటకు అయిదేండ్లు పట్టెను.

మా గృహిణికి 2017వ సంవత్సరమున, మేము ఉద్యోగవిరమణ చేసిన యేటనే, దేహబాధ ఆరంభమయ్యెను. మొదట మెడ, పిదప భుజములు, అటుపిమ్మట నడుము, తొడలు, పిక్కలు. ఒకనాడొకచోట, మఱునాడు వేఱొకచోట, కొన్నినెలలకు అన్నిచోట్లను. రాత్రి ఎనిమిదిగంటలు నిద్రించియు, తెల్లవారునప్పటికి రాత్రియంతయు వడ్లు దంచినదానివలె అలసి లేచుచుండెను. పొయ్యిమీద పాలు పెట్టి మఱచుటయు, చిరపరిచితుల పేర్లు నోటికి రాకుండుటయు కలిగెను.

ఎక్సురేలు తీసిరి. వెన్నెముకకు ఎం.ఆర్.ఐ. తీసిరి. రక్తపరీక్షలు చేసిరి. ప్రతి కాగితముచివరను ‘నార్మల్’ అను మాటయే. ఒక వైద్యుడు వయస్సు మీఱుటచేత ననెను. ఒకరు మెడయెముక అరిగినదనిరి. ఇంకొకరు మనోవ్యాకులత యనిరి. మా గ్రామసమీపమున నొకరు మందుపేరు చెప్పక సూదులు వేసిరి. అవి స్టెరాయిడులని మాకు చాలకాలమునకు తెలిసెను. నొప్పి పోలేదు గాని రక్తమున చక్కెర పెరిగెను.

మఱి మేమేమి చేసితిమి? ఒకనాటి సాయంకాలము కాగితములన్నియు మంచముమీద పరచి, “చూడుము, ఇన్ని కాగితములును నీకేమియు లేదని చెప్పుచున్నవి” అంటిమి. ఆమె మెల్లగా, “నొప్పి నాకు గదండీ, కాగితములకు కాదు గదా” అని లోనికి పోయెను. మేము న్యాయశాస్త్రము చదువుకొన్నవారము. ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగనియు, శబ్దమనగా ఆప్తుల మాటయనియు ఎందఱు శిష్యులకో చెప్పియుంటిమి. నలుబదియేండ్లు మాతో కాపురము చేసిన యిల్లాలిమాట ఆప్తవాక్యము కాదా యని ఆనాడు మాకు తోచలేదు.

2022వ సంవత్సరమున మా కోడలు, “మామయ్యగారూ, అత్తయ్యగారిని ఒక్కమారు రుమటాలజిస్టుకు చూపింతము, కీళ్లకును కండరములకును వచ్చు వ్యాధులలో వారు నిపుణులు” అని పట్టుబట్టి హైదరాబాదునకు తోడుకొని పోయెను. ఆ వైద్యుడు మా సంచిలోని కాగితములను ఒక్కొక్కటిగా చూచి ప్రక్కనుంచెను. పిదప నలుబదినిమిషములు ఆమెను ప్రశ్నించెను. కీళ్లనన్నిటిని తాకి చూచెను. రోగిని దర్శన స్పర్శన ప్రశ్నములచేత పరీక్షింపవలెనని మన యాయుర్వేదాచార్యులు చెప్పినదియు నిదియే. చూచుటకు నేడు గొప్ప యంత్రములు వచ్చినవి. తాకుటయు అడుగుటయు మాత్రము తఱిగిపోయినవి. అన్నియు ముగిసినపిమ్మట వైద్యుడు “అమ్మా, దీనిపేరు ఫైబ్రోమయాల్జియా” యనెను. మా గృహిణి దీనికి మందున్నదా యని యడుగలేదు. “దీనికి పేరున్నదాండీ?” అని యడిగి కన్నీరు పెట్టుకొనెను.

ఆ పేరును గూర్చి భాషాపండితునకు సహజమైన కుతూహలముతో విచారించితిమి. లాటినుభాషలో ఫైబ్రా యనగా తంతువు. గ్రీకుభాషలో మ్యూస్ అనగా కండరము, ఆల్గోస్ అనగా వ్యథ. ఆ మ్యూస్ శబ్దమునకే ఎలుక యనియు అర్థము కలదు. మన మూషకశబ్దమునకు అది జ్ఞాతి. కండరము చర్మముక్రింద ఎలుకవలె కదలునని కాబోలు ఆ పేరు పెట్టిరి. కావున ఫైబ్రోమయాల్జియా యనగా తంతుపేశీవ్యథ యని చెప్పుకొనవచ్చును.

ఈ పేరు మొదటినుండియు లేదు. 1904వ సంవత్సరమున ఇంగ్లండునందు సర్ విలియం గవర్సు అను వైద్యుడు నడుమునొప్పిని గూర్చి ప్రసంగించుచు ‘ఫైబ్రోసైటిస్’ అను పేరు కల్పించెను. ఆ పేరు చివరనున్న ప్రత్యయమునకు శోథ, అనగా వాపు, అని యర్థము. కండరతంతువులలో వాపు కలదని ఆయన ఊహ. తరువాతివారు వెదకగా ఆ వాపు కానరాలేదు. అందుచేత 1976వ సంవత్సరమున హెంచ్ అను అమెరికా వైద్యుడు శోథప్రత్యయమును తీసివేసి, వ్యథను తెలుపు శబ్దమును చేర్చెను. ఒక్క ప్రత్యయము తప్పుగా పడినందున డెబ్బదియేండ్లకు పైగా లేనివాపు పేరుననే ఈ రోగము చెలామణి యయ్యెను. పేరు పెట్టుటలోనే యింత తొందర కలిగినప్పుడు, రోగులను గుర్తించుటలో తొందర కలుగుట వింత కాదు.

మన ప్రాచీనగ్రంథములలో ఈ రోగమే కలదని చెప్పువారు కొందఱున్నారు. మాధవకరుడు చెప్పిన ఆమవాతమే యిదియని మాతో వాదించినవారును కలరు. శాస్త్రగౌరవము మాకును కలదు. కాని ఒకటి రెండు లక్షణములు కలిసినంతమాత్రమున పేర్లను జతపఱచుట శాస్త్రమర్యాద కాదు.

ఇక నిర్ణయవిధానమును సంగ్రహముగా చెప్పెదము. అమెరికాలోని రుమటాలజీ వైద్యపరిషత్తు 1990వ సంవత్సరమున ఒక నియమము చేసెను. మూడునెలలకు తక్కువ కాకుండ దేహమున కుడియెడమలను, నడుమునకు పైనను క్రిందను, వెన్నువెంబడిని నొప్పి యుండవలెను. మఱియు దేహమున నిర్దేశించిన 18 స్థానములలో సుమారు 4 కిలోల బలముతో నొక్కినప్పుడు 11 చోట్లనైన నొప్పి కలుగవలెను. ఇది కొంతకాలము నడచెను. కాని నొక్కుటలో అందఱు వైద్యులకును సమానమైన నేర్పు లేదు. అలసటయు, నిద్రలేమియు, మఱపును ఆ లెక్కలోనికి రాలేదు. 2010వ సంవత్సరమున ఆ స్థానములను నొక్కి లెక్కించు పద్ధతి మాని క్రొత్త నియమము చేసిరి. దానిని 2016వ సంవత్సరమున సవరించిరి.

దాని ప్రకారము రెండు లెక్కలు కట్టవలెను. మొదటిది నొప్పిస్థానముల లెక్క. దేహమున 19 స్థానములు చెప్పబడినవి. దవడలు, భుజములు, మోచేతికి పైభాగములు, మోచేతికి క్రిందిభాగములు, తుంటులు, తొడలు, పిక్కలు, ఇవి కుడియెడమలు కలిపి 14. మెడ, వీపు పైభాగము, నడుము, ఱొమ్ము, కడుపు, ఇవి 5. గడచిన వారములో ఎన్నిచోట్ల నొప్పి కలిగెనో అన్ని అంకములు. రెండవది తీవ్రత లెక్క. అలసట, నిద్రించియు సేదదీరకుండుట, మఱపు మొదలగు బుద్ధిమాంద్యము, ఈ మూడింటికిని వాని తీవ్రతనుబట్టి ఒక్కొక్కదానికి సున్న మొదలు 3 వఱకు అంకములు. గడచిన ఆఱునెలలలో తలనొప్పి, పొత్తికడుపునొప్పి, మనోవిషాదము కలిగినచో ఒక్కొక్కదానికి 1. మొత్తము 12.

మొదటిలెక్క 7గాని అంతకుపైగాని యుండి, రెండవది 5గాని అంతకుపైగాని యుండవలెను. లేదా మొదటిది 4 మొదలు 6 వఱకు నుండి, రెండవది 9గాని అంతకుపైగాని యుండవలెను. దేహమును కుడియెడమ పైభాగములు రెండు, క్రిందిభాగములు రెండు, మధ్యభాగమొకటి యని అయిదుగా విభజించినచో నాలుగిటనైనను నొప్పి యుండవలెను. ఇవి యన్నియు సుమారు ఒకే తీరున మూడునెలలైన సాగియుండవలెను. ఈ లెక్కకు కావలసినది ఒక కాగితము, ఒక కలము, ఓపికతో అడుగువాడొకడు. అయినను లెక్క సరిపోయినంతమాత్రమున తమకీ రోగమున్నదని ఎవరును ఇంటనే తీర్మానించుకొనరాదు. తుదినిర్ణయము దేహమును పరీక్షించిన వైద్యునిదే.

ఈ రోగము ఏ రక్తపరీక్షయందును, ఏ చిత్రమునందును కనబడదు. మఱి పరీక్షలేల? ఇట్టి బాధనే కలిగించు ఇతరవ్యాధులు లేవని తెలిసికొనుటకు. ‘నార్మల్’ అను మాటకు అర్థమిది: ఆ పరీక్ష వెదకిన రోగము ఆ పరీక్షకు కనబడలేదని. వలకు చేప చిక్కకున్నచో ఆ వలకు చిక్కలేదని యర్థముగాని చెఱువులో చేపలే లేవని కాదు.

అట్లయినచో ఇది మనస్సు కల్పించుకొన్న బాధయా? కాదు. 2002వ సంవత్సరమున అమెరికాలో గ్రేస్లీ అను శాస్త్రజ్ఞుడును సహచరులును 16మంది రోగులను, 16మంది ఆరోగ్యవంతులను పరీక్షించిరి. బొటనవ్రేలి గోటిపై నొక్కుచు, ఆ సమయమున మెదడు పనిచేయు తీరును యంత్రముచే చూచిరి. కొద్దిపాటి ఒత్తిడికే రోగుల మెదడున నొప్పిని గ్రహించు భాగములు ప్రజ్వరిల్లెను. ఆరోగ్యవంతులకు అట్టి ఫలితము కలుగుటకు అంతకంటె మిక్కిలి యెక్కువ ఒత్తిడి కావలసి వచ్చెను. ఈ సభామందిరమున ధ్వనివర్ధకమును మితిమీఱి పెంచినచో మెల్లని మాటయు చెవులు చిల్లులు చేయును. మాటలాడువాడు కేకవేయలేదు నిజమే. వినువాని చెవినొప్పియు నిజమే. ఈ రోగమున నాడీమండలము అట్టి ధ్వనివర్ధకమని వైద్యులు చెప్పుచున్నారు. మనోవిషాదము దీనితోకూడ ఉండవచ్చును. అంతమాత్రమున నొప్పి అబద్ధము కాదు.

లోకమున నూటికి ఇద్దఱు మొదలు నలుగురివఱకు ఈ రోగముకలవారని లెక్కకట్టియున్నారు. స్త్రీలయం దెక్కువగా కనబడును, పురుషులకును వచ్చును. ఆ లెక్కచొప్పున వేయిమంది కూడిన సభలో ఇరువదిమందికి తక్కువ కాకుండ నుందురు. వారిలో ఎందఱు ఇంటిలో సోమరులని పేరు తెచ్చుకొనిరో, ఎందఱు కోడండ్రు “మా పుట్టినింట ఈ నొప్పి లేదు” అని అనవలసివచ్చునని నోరు మూసికొనిరో, ఎందఱు మగవారు సిగ్గుచేత చెప్పుకొనలేదో మీరే యోజించుకొనుడు.

ఇక మా తప్పులు. 2020వ సంవత్సరారంభమున మన వైద్యసహాయనిధికి ఒక విన్నపము వచ్చెను. కుట్టుపనితో సంసారమునకు తోడ్పడుచున్న మన కులస్త్రీ యొకతె, ఒడలినొప్పులచేతను అలసటచేతను మిషను త్రొక్కలేకపోవుచున్నాననియు, వైద్యమునకు ఇదివఱకే అప్పుచేసితిననియు, 18,000 రూపాయలు సహాయము చేయుడనియు కోరెను. కాగితములు జతపఱచెను. వెన్నెముక చిత్రములు, కీళ్లవాతపు రక్తపరీక్ష, అన్నిటను నార్మల్ అనియే. మన నియమావళి ప్రకారము శస్త్రచికిత్సకుగాని, ఆసుపత్రిలో చేరినందుకుగాని రసీదు లేనిచో సహాయము లేదు. ఉపసంఘమువారు ప్రత్యుత్తరము వ్రాయుపని మాకప్పగించిరి. నియమము అనుమతింపదని వ్రాసిన సరిపోయెడిది. మేము మాత్రము చక్కని దస్తూరితో, “పంపిన పత్రములనుబట్టి రోగమేదియు లేదని తేలినందున” అని వ్రాసితిమి.

మా గృహిణికి రోగనిర్ణయమైనపిమ్మట ఆ వాక్యము మాకు నిద్రపట్టనీయలేదు. చిరునామా వెదకి 2022వ సంవత్సరాంతమున మేమిరువురమును ఆ యింటికి పోయితిమి. ఆమె మమ్ము గౌరవముతో కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, ఇట్లనెను: “మాస్టరుగారూ, డబ్బు రానందుకు నాకు బాధ లేదండీ. ఇయ్యలేకపోవచ్చును. కాని రోగము లేదని సంఘము పెద్దలే వ్రాసినారని మావారు ఆ కాగితము బీరువాలో దాచినారు. నేను పని చేయలేనన్నప్పుడెల్ల తీసి చూపించుచున్నారు.” సోదరులారా! మూడేండ్లకు దగ్గఱగా మా దస్తూరి ఆ యింటిలో ఆమెపై సాక్ష్యము చెప్పుచుండెను. ఇది మా మొదటి తప్పు.

రెండవది వినుడు. మేము ఇంటికి వచ్చుచునే, ఈమెకును ఫైబ్రోమయాల్జియాయే యని నిశ్చయించుకొంటిమి. రెండు లెక్కలు మేమే కట్టితిమి, సరిపోయినవి. ఆమెతో ఆ మాట చెప్పియుంటిమి కూడ. మా గృహిణి మాత్రము, “మీరు మరల తొందరపడుచున్నారు. వైద్యునికి చూపింపుడు” అనెను. అదే వైద్యునియొద్దకు తోడుకొని పోయితిమి. ఆయన అడిగిన ప్రశ్నలు వేఱుగా నుండెను. ఇతరులకంటె నీకు చలి యెక్కువగా వేయుచున్నదా? జుట్టు రాలుచున్నదా? ఒడలు బరువెక్కినదా? మలబద్ధముగా నున్నదా? కంఠస్వరము మారినదా? ఆమె అన్నిటికిని ఔననెను. అన్ని కాగితములలోను థైరాయిడ్ గ్రంథిని గూర్చిన రక్తపరీక్షమాత్రము లేదు. ఎం.ఆర్.ఐ.కి వేలు పోసినవారు కొన్నివందలతో పోవు ఆ పరీక్షను చేయింపలేదు. చేయింపగా ఆ గ్రంథి మిక్కిలి మందగించియున్నదని తేలెను. ప్రతిదినము పరగడుపున ఒక్క మాత్ర వేసికొనుచుండగా కొన్నినెలలకు ఆమె నొప్పులు చాలవఱకు తగ్గి మరల మిషను త్రొక్కుచున్నది. మా మాట విని అక్కడ ఆగియుండినచో, కుదురదగిన రోగమును దీర్ఘరోగమని తలచుచు ఆమె యుండిపోయెడిది. రోగము లేదనుట ఎంత తొందరయో, తెలిసిన పేరును ఎల్లవారికిని అంటగట్టుటయు నంతే తొందర.

కావున ఈ రోగమును పోలినవానిని కొన్నిటిని చెప్పెదము. కీళ్లు వాచి, ఉదయమున గంటకు పైగా బిగిసియున్నచో అది రుమటాయిడ్ కీళ్లవాతము కావచ్చును. యౌవనమున నడుమునొప్పి ఆరంభమై, విశ్రాంతిచే పెరిగి, కదలికచే తగ్గినచో వెన్నెముకకు సంబంధించిన వాతమేమో చూడవలెను. ఏబదియేండ్లు దాటినవారికి భుజములును తుంటులును బిగిసి, ఈ.ఎస్.ఆర్. అను రక్తపరీక్ష హెచ్చుగా నున్నచో పాలిమయాల్జియా రుమాటికా యను వేఱురోగము కలదు. దానికి స్టెరాయిడు కొద్దిమోతాదున ఇచ్చినను త్వరలో ఉపశమించును. ఫైబ్రోమయాల్జియాకు స్టెరాయిడు పనిచేయదు. మన శాస్త్రములో రోగమును తెలిసికొను అయిదుమార్గములలో ఉపశయమొకటి. దేనిచే శమించునో దానినిబట్టి రోగమును గుర్తించుట యని దాని యర్థము. అది అనుభవజ్ఞుడైన వైద్యుడు చేయవలసిన పరీక్ష. పేరు చెప్పని సూదులతో చేయునది కాదు. ఆ వయస్సువారికే క్రొత్తగా తలనొప్పి, నమలునప్పుడు దవడనొప్పి, చూపు మందగించుట కలిగినచో ఆ దినముననే వైద్యుని చూడవలెను. ఆలస్యమైన చూపు పోవచ్చును.

విటమిన్ డి లోపము, రక్తహీనత, కొలెస్టరాలునకు వాడు స్టాటిన్ మందులు కూడ ఒడలినొప్పులు కలిగించును. మన తెనుగునాట విచారింపవలసినవి మఱి రెండు కలవు. 2006వ సంవత్సరమున చికున్‌గున్యా జ్వరము మన జిల్లాలలో వ్యాపించినప్పుడు జ్వరము పోయినను కీళ్లనొప్పులు నెలలతరబడి వదలనివారు ఎందఱో మనకు తెలియును. నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు బిగిసికొనిపోవు వ్యాధి మన దేశమున మొట్టమొదట నెల్లూరుజిల్లాలో బయటపడి 1937వ సంవత్సరమున ప్రకటింపబడెను. నల్లగొండజిల్లా దానివలన పడిన బాధ లోకవిదితము. కావున ఎప్పుడే జ్వరము వచ్చెనో, ఏ యూరినీరు ఎన్నియేండ్లు త్రాగితిరో వైద్యునకు తప్పక చెప్పవలెను. జ్వరము, బరువు తగ్గుట, కండరములు పట్టుతప్పుట, కీళ్లవాపు ఉన్నచో వానికి ఫైబ్రోమయాల్జియా యని సమాధానపడి ఊరకుండరాదు. మఱియు ఒకరోగమున్న దేహమున రెండవది యుండరాదను నియమము లేదు. కీళ్లవాతము కలవారికి ఫైబ్రోమయాల్జియాయు నుండవచ్చునని 2016వ సంవత్సరపు సవరణ స్పష్టముగా చెప్పినది.

సరియైన నిర్ణయమువలన ప్రయోజనమేమి? ఇది ప్రాణాంతకము కాదనియు, కీళ్లను వంకరచేయదనియు తెలిసి భయము తొలగును. అక్కఱలేని శస్త్రచికిత్సలును, సూదులును తప్పును. ఐరోపా వైద్యనిపుణులు 2017వ సంవత్సరమున ప్రకటించిన సూచనలలో దృఢముగా విధించినది వ్యాయామమొక్కటియే. అదియు కొద్దికొద్దిగా పెంచుకొనవలసినది. నిద్రను చక్కబఱచుకొనుటయు, అవసరమైనచో వైద్యుడు వ్రాసిన మందులును తరువాతివి. పూర్తిగా కుదుర్చు మందు నేటికిని లేదు. ఉన్నదని చెప్పి ధనము గొనువారిని నమ్మకుడు.

ఇక పోషకమహాశయులకు మా విన్నపములు నాలుగు. మొదటిది: వైద్యసహాయనిధి నియమమును మార్చి, శస్త్రచికిత్సకేగాక నిపుణుని దర్శనమునకును, ఆయన వ్రాసిన పరీక్షలకును, ప్రయాణమునకును సహాయము చేయుదురు గాక. రెండవది: ఏటేట జరుగు వైద్యశిబిరమున ఒక్కదినమున మున్నూఱుమందిని చూచితిమని పత్రికలో వేయించుకొనుటకు మాఱుగా, దీర్ఘకాలపునొప్పి కలవారు ముప్పదిమందిని అరగంటచొప్పున చూచునట్లు ముగ్గురు నిపుణులను రప్పింతురు గాక. మూడవది: దేహచిత్రముగల ఒక పత్రమును తెనుగున అచ్చువేయించి ఇంటింటికి పంచుదురు గాక. నొప్పిస్థానములు, ఆరంభమైన కాలము, నిద్ర, వాడుచున్న మందులు, వచ్చిన జ్వరములు అందు వ్రాసికొని పోయినచో వైద్యుని సమయము వ్యర్థము కాదు. నాలుగవది ధనముతో పనిలేనిది. ఇకమీదట మన సంఘమునుండి పోవు ఏ లేఖయందును రోగము లేదను మాట వ్రాయరాదని ఈ మహాసభ తీర్మానించుగాక. నిధి చాలకున్న చాలదని వ్రాయుదము. రోగమున్నదో లేదో చెప్పుట మన పని కాదు.

గృహస్థులకు ఒక్కమాట. మీ యింటిలో ఎవరైనను నొప్పి యన్నచో కాగితము చూచుటకు ముందు వారిమాట వినుడు. ఎక్కడ, ఎప్పటినుండి, ఏమి చేసిన పెరుగును, నిద్ర పట్టుచున్నదా యని యడుగుడు. అడుగుటచే రోగము కుదురదు గాని నిదానము అక్కడనే మొదలగును.

ఆ సోదరికి మేము మా దస్తూరితోనే వేఱొక లేఖ వ్రాసి, మొదట వ్రాసినది తప్పని ఒప్పుకొని ఇచ్చితిమి. ఆమె భర్త మాయెదుటనే పాతకాగితమును చింపివేసెను. పేరు చెప్పకుండ ఈ వృత్తాంతమును చెప్పుటకు ఆమె సమ్మతించినది. మా గృహిణి ఈ సభయందే స్త్రీలవరుసలో నున్నది. ఆమె యనుజ్ఞ గొనియే ఇంతయు చెప్పితిమి. ఆమెకు నొప్పి పూర్తిగా పోలేదు. ప్రతియుదయము ఇరువదినిమిషములు నడచుచున్నది. మేమును తోడ నడచుచున్నాము. నేడు నొప్పిగా నున్నదని ఆమె యన్నచో ఎక్కడనని మాత్రమే యడుగుచున్నాము.